పద్నాలుగున్నర అంగుళాల పాఠం

వెబ్‌సైట్లు కట్టడం ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. అవి వాడే మనిషి గురించి మాత్రం మా అమ్మ కుట్టుమిషన్ పక్కన కూర్చున్నాకే తెలిసింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లోకి నీళ్లొచ్చిన రోజు. మాది కింద పోర్షన్. చూస్తుండగానే నీళ్లు మోకాళ్లు దాటి నడుము దాకా వచ్చేశాయి. చేతికందిన సర్టిఫికెట్లు, గ్యాస్ పుస్తకం, రెండు దుప్పట్లు పట్టుకుని మేడమీద వాళ్లింటికి పరిగెత్తాం.

నీళ్లు తీశాక కిందికి దిగితే ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. పరుపులు బురదలో నానిపోయాయి. అమ్మ వాటివైపు చూడనేలేదు. తిన్నగా కుట్టుమిషన్ దగ్గరికెళ్లి సొరుగు లాగింది. అందులో తన లాంగ్ నోట్‌బుక్ ఉండాలి. ఉంది. కానీ పేజీలన్నీ అతుక్కుపోయి ముద్దయిపోయింది. జెల్ పెన్నుతో రాసిన అంకెలన్నీ కలిసిపోయి నీలం మరక మిగిలింది.

అమ్మ పదకొండేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతోంది. ఆ పుస్తకంలో మా వీధిలో, పక్క రెండు వీధుల్లో ఉన్న ఆడవాళ్ల కొలతలున్నాయి. ఎవరికి భుజం జారుతుందో, ఎవరికి చంక దగ్గర కాస్త వదులు కావాలో, ఎవరికి వెనక మెడ మరీ కిందికుంటే నచ్చదో... అన్నీ అందులోనే.

“మిషన్ అయితే బాగు చేయించుకుంటాం. దీన్నెవరు బాగు చేస్తారే?” అంది.

నేనప్పుడు బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. మనసులోనే అనుకున్నాను, ‘నేను చేస్తా’ అని.

ఫోనే నా క్లాస్‌రూమ్

నిజం చెప్పాలంటే అప్పటికి నాకు వచ్చింది కొంచెమే. కాలేజీలో సీ లాంగ్వేజ్, కొద్దిగా పైథాన్ చెప్పారు. వెబ్ మాత్రం సొంతంగా మొదలుపెట్టాను. పొద్దున కాలేజీ బస్సులో యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు, రాత్రి ఫ్రీకోడ్‌క్యాంప్ పాఠాలు. ఏదైనా ట్యాగ్ అర్థంకాకపోతే ఎండీఎన్ పేజీలు. ల్యాప్‌టాప్ కొనుక్కోవడానికి ముందు ఆర్నెల్లు ఫోన్‌లోనే కోడ్ రాశాను. బొటనవేళ్లతో యాంగిల్ బ్రాకెట్లు కొట్టినవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది!

ఇంత ఉచితంగా ఎలా దొరుకుతోందా అని ఒకరోజు వెతికాను. వెబ్‌ని 1989లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ టెక్నాలజీని ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. పైగా ఏ వెబ్‌పేజీ మీదైనా రైట్‌క్లిక్ కొట్టి ‘వ్యూ సోర్స్’ అంటే దాని లోపలి కోడ్ మనకి కనిపిస్తుంది. హోటల్‌వాడు వంటగది తలుపు తీసి ‘రా, చూసి నేర్చుకో’ అన్నట్టే. సింగ్‌నగర్ పిల్లకైనా, స్విట్జర్లాండ్ పిల్లకైనా ఒకటే తలుపు.

అలా మూడు నెలలు కూర్చుని డిసెంబరుకి అమ్మ కోసం ఒక వెబ్ యాప్ తయారుచేశాను. లేత ఊదారంగు బ్యాక్‌గ్రౌండ్, బూడిదరంగు సన్నటి అక్షరాలు, నొక్కితే మెల్లగా జారే మెనూ. ఫ్రెండ్స్‌కి లింక్ పంపితే “ప్రొఫెషనల్‌గా ఉందే” అన్నారు. నేల మీద కాళ్లు ఆనలేదు.

“నాకు రాదులేవే”

అమ్మ చేతికి ఫోనిచ్చి ఎదురుగా కూర్చున్నాను. మొదటి గడి ‘కస్టమర్ నేమ్’. రెండోది ‘మొబైల్ నంబర్’. అది నింపకపోతే ముందుకి పోనివ్వదు.

“మామ్మగారికి ఫోనుందిగానీ నంబరు ఆవిడకే తెలీదు. ఏం కొట్టను?”

నేనే ఏదో పది అంకెలు కొట్టాను. తర్వాత కొలతల గడులు. బస్ట్, వెయిస్ట్, ఆర్మ్‌హోల్... అన్నీ ఇంగ్లిష్‌లో పెట్టాను. అమ్మ ఛాతీ, నడుము, చంక అంటుంది. అవీ పక్కన కూర్చుని చెప్పాను. జాకెట్ పొడవు దగ్గర అమ్మ 14.5 కొట్టింది. ఎర్ర అక్షరాల్లో ఏదో వచ్చింది.

“ఏంటే, పద్నాలుగున్నర కొడితే వద్దంటోంది?”

అది బ్రౌజర్ ఇచ్చిన మెసేజ్. దగ్గర్లో ఉన్న సరైన విలువలు 14, 15 అని చెబుతోంది. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో నంబర్ గడి పెడితే, మనం విడిగా చెప్పనంతవరకు అది పూర్ణాంకాలనే ఒప్పుకుంటుంది. ‘స్టెప్’ అనే విలువ మామూలుగా 1 ఉంటుంది. దాన్ని 0.25 చేస్తే అర, పావు, ముప్పావు అన్నీ తీసుకుంటుంది. పది సెకన్ల పని. నేను పరీక్షించినప్పుడల్లా 10, 20, 30 అనే కొట్టుకున్నాను కాబట్టి నాకు ఆ గోడ ఎప్పుడూ తగల్లేదు.

“ఇప్పటికి 15 కొట్టమ్మా, తర్వాత సరిచేస్తా” అన్నాను.

అమ్మ నావైపు అదోలా చూసింది. “అరంగుళం అంటే ఎంతనుకున్నావే? అరంగుళం తేడా వస్తే హుక్ పట్టదు” అంది. ఆ తర్వాత ఫోన్ నా ఒళ్లో పెట్టేసి, “నాకు రాదులేవే ఇవన్నీ” అని లేచిపోయింది.

ఆ రాత్రే స్టెప్ మార్చాను. గడుల పేర్లు తెలుగులో పెట్టాను. అమ్మ నా మాట కాదనలేక, రోజూ రాత్రి సీరియల్ అయ్యాక గంటసేపు కూర్చుని, వచ్చినవాళ్ల కొలతలు మళ్లీ తీసి ఎక్కించింది. జనవరి మొదటి వారానికి నలభై ఒక్కమంది అయ్యారు.

ఒక్క టిక్కు

సంక్రాంతి ముందు ఏ టైలర్ ఇంటికైనా వెళ్లి చూడండి. కూర్చోవడానికి చోటుండదు, అంతటా బట్టలే. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నేను యాప్‌లో రంగులు మార్చాను. అమ్మ ఫోన్‌లో పాత రంగులే కనిపిస్తున్నాయి. మనందరం చేసే పనే చేశాను. బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకెళ్లి డేటా క్లియర్ కొట్టాను. ‘కుకీలు, సైట్ డేటా’ అన్నదానికి కూడా టిక్కు ఉందని చూసుకోలేదు.

కొలతలన్నీ నేను ‘లోకల్ స్టోరేజ్’లో దాచాను. అంటే ఏ సర్వర్‌కీ వెళ్లకుండా ఆ ఫోన్‌లో, ఆ బ్రౌజర్‌లోనే ఉంటాయి. వీడియోలో నేర్చుకున్నది అదే. సులువు, ఫ్రీ, రెండు లైన్ల కోడ్. ఆ టిక్కుతో నలభై ఒక్కమందీ పోయారు.

నీళ్లకి నోట్‌బుక్ పోవడానికి ఒక రాత్రి పట్టింది. నేను ఒక్క క్షణంలో చేసేశాను.

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “సర్లే” అని, మర్నాడు పొద్దున కిరాణా కొట్టుకెళ్లి కొత్త లాంగ్ నోట్‌బుక్ తెచ్చుకుంది. మొదటి పేజీకి పసుపు రాసి రాయడం మొదలుపెట్టింది. కొలతలకోసం మూడోసారి పిలిస్తే ఇద్దరు ముగ్గురు విసుక్కున్నారు. ఒకావిడ “మాకు పండక్కి కావాలి పిన్నీ, ఇంకోచోట ఇచ్చుకుంటాం” అని గుడ్డ వెనక్కి తీసుకెళ్లింది. ఆ జాకెట్ కుట్టుకూలీ ఎంతో నాకు తెలుసు. ఆ డబ్బుల కన్నా, ఆవిడ ముందు అమ్మ నవ్వుతూ “అలాగేలేమ్మా” అనడమే ఎక్కువ గుచ్చుకుంది.

స్టూలు వేసుకుని మూడు రోజులు

పండగ సెలవుల్లో ల్యాప్‌టాప్ తెరవలేదు. మిషన్ పక్కన స్టూలు వేసుకుని, హుక్స్ కుడతానని చెప్పి మూడు రోజులు అమ్మనే చూస్తూ కూర్చున్నాను. చూసినకొద్దీ నా యాప్ ఎంత తప్పో అర్థమైంది.

వచ్చేవాళ్లలో సగంమంది కొలతలివ్వరు. ‘ఆది’ ఇస్తారు. బాగా కుదిరిన పాత జాకెట్ ఇచ్చి “దీని ప్రకారం కుట్టండి, చేతులు మాత్రం కాస్త పొడుగు” అంటారు. నేను పెట్టిన పద్నాలుగు గడుల్లో ఆదికి చోటే లేదు.

అమ్మ ఎవర్నీ ఉత్త పేరుతో రాసుకోదు. మా వీధిలో లక్ష్మిలే నలుగురున్నారు. అందుకని ‘మేడమీద లక్ష్మి’, ‘పాలబూత్ లక్ష్మి’, ‘టీచరుగారి కోడలు’. ప్రతి పేజీకి పైన ఆ గుడ్డ ముక్క ఒకటి గుండుసూదితో గుచ్చుతుంది. పేరు చదవక్కర్లేదు, రంగు చూస్తే చాలు. ఎవరిదో, ఏ జాకెట్టో తెలిసిపోతుంది. అర్జెంటువాటికి పేజీ చివర మడత పెడుతుంది. పుస్తకాన్ని పక్కనుంచి చూస్తే ఇంకా ఎన్ని అర్జెంటు పనులున్నాయో కనిపిస్తుంది.

ఒక చేత్తో గుడ్డ, ఇంకో చేత్తో కత్తెర, నోట్లో గుండుసూది. అలాంటి మనిషికి నేను సన్నటి బూడిదరంగు అక్షరాలిచ్చి, మెనూలో మెనూ తెరవమన్నాను.

డిజైన్ చెయ్యడం రానిది నాకు. ‘నాకు రాదు’ అన్నది అమ్మ.

స్విచ్చు మీద బొట్టుబిళ్ల

ఆ సెలవుల్లోనే కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక పుస్తకం చదివాను. డోనాల్డ్ నార్మన్ రాసిన ‘ది డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్’. 1988లో వేరే పేరుతో మొదట వచ్చింది. తలుపులు, స్టవ్ నాబ్‌లు, స్విచ్చుల గురించే ఎక్కువ ఉంటుంది. లాగాలో నెట్టాలో తెలియని తలుపు ముందు మనం తికమకపడితే ఆ తప్పు తలుపుది అంటాడాయన. కానీ మనుషులు తమనే తప్పుపట్టుకుంటారు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి వంటింట్లోకి చూశాను. ఆయన చెప్పినవన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి.

మా హాల్లో స్విచ్‌బోర్డుకి ఆరు స్విచ్చులు. అన్నీ ఒకేలా ఉంటాయి. ఫ్యాన్‌ది ఏదో కొత్తవాళ్లకి తెలియదు. అమ్మ దానిమీద తన బొట్టుబిళ్ల ఒకటి అంటించింది. చీకట్లో కూడా వేలికి తగులుతుంది. ఏ డిజైన్ కోర్సూ చదవకుండా!

పోపుల డబ్బా చూడండి. మూత తీస్తే ఆవాలు, జీలకర్ర, మినపప్పు, ఎండుమిర్చి ఒకేసారి కనిపిస్తాయి. లేబుళ్లుండవు, అక్కర్లేదు కూడా. నూనె కాగాక వెతుక్కునే టైముండదు కాబట్టి అలా ఉంది. అదే ఏడు మూతల వెనక ఏడు దినుసులు దాస్తే? నా మెనూలు అచ్చం అలాగే ఉన్నాయి.

కుక్కర్ ఉడికిందో లేదో మూత తీసి చూడం, విజిల్స్ లెక్కపెడతాం. కొట్లో యూపీఐ డబ్బులు పడగానే చిన్న స్పీకర్ తెలుగులో చెబుతుంది కాబట్టి, పునుగులు వేసే అన్న చెయ్యి తుడుచుకుని ఫోన్ చూసుకోనక్కర్లేదు. ‘పని అయింది’ అని వస్తువే మనకి చెప్పాలి. నా యాప్‌లో సేవ్ కొడితే ఏమీ వచ్చేది కాదు. అమ్మ ప్రతిసారీ “ఎక్కిందా? ఎక్కలేదా?” అని రెండుసార్లు నొక్కేది. ఒక్కొక్కరు రెండుసార్లు ఎందుకు పడ్డారో అప్పుడర్థమైంది.

లక్ష్మి పేరు తెగిపోయింది

తెలుగులో పెట్టాక ఇంకో సమస్య బయటపడింది. పేరు గడికి నేను పది అక్షరాల పరిమితి పెట్టాను. అమ్మ వాయిస్ టైపింగ్‌లో ‘వెంకటలక్ష్మి’ అంటే స్క్రీన్ మీద ‘వెంకటలక్ష్’ దగ్గర ఆగిపోయింది. వెం-క-ట-ల-క్ష్మి. మన లెక్కలో ఐదక్షరాలే కదా!

కంప్యూటర్ లెక్క వేరు. యూనికోడ్‌లో హల్లు, గుణింతం గుర్తు, సున్న, వత్తుకోసం వాడే పొల్లు అన్నీ విడివిడి కోడ్‌లు. ఆ లెక్కన ‘వెంకటలక్ష్మి’ పన్నెండు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు. ఇంగ్లిష్ పేర్లతో నేర్పే పాఠాల్లో ఇది ఎందుకొస్తుంది? పరిమితి తీసేశాను.

తర్వాత వత్తులు. లైన్ల మధ్య ఖాళీ తగ్గిస్తే ఇంగ్లిష్‌కి స్టైలిష్‌గా ఉంటుంది. తెలుగులో అక్షరం కింద వత్తు, దానికింద ఇంకో వత్తు ఉంటాయి. నా బటన్లలో ‘క్ష్మి’ కింది భాగం కోసేసినట్టు కనిపించింది. లైన్ హైట్ పెంచితే సరిపోయింది. మన ఫోన్‌లలో తెలుగు అక్షరాల కాళ్లు తెగి కనిపించిన చోటల్లా, ఎవరో నాలాంటివాళ్లు ఇంగ్లిష్‌లోనే టెస్ట్ చేసి వదిలేశారనుకోవచ్చు.

బటన్లు మూడే

ఫిబ్రవరిలో రెండో యాప్ మొదలుపెట్టాను. ఈసారి కోడ్ కన్నా ముందు కాగితం మీద గీసి అమ్మకి చూపించాను. తను పెన్ను తీసుకుని రెండు గడులు కొట్టేసింది.

ఇప్పుడు యాప్ తెరిస్తే మూడు పెద్ద బటన్లే. ఫొటో, మాట, తేదీ. ‘ఫొటో’ నొక్కితే నేరుగా వెనక కెమెరా తెరుచుకుంటుంది. గుడ్డ ముక్కతో సహా నోట్‌బుక్ పేజీని ఫొటో తీస్తుంది. ‘మాట’ నొక్కి “మేడమీద లక్ష్మి, చేతులు పొడుగు” అని చెబుతుంది. ‘తేదీ’ పెడితే ముందు ఇవ్వాల్సినవి పైకి వస్తాయి. అది పేజీ చివర మడతకి బదులు. సేవ్ కాగానే ఆకుపచ్చ టిక్కు వచ్చి ‘టింగ్’ మంటుంది. పొరపాటున తీసేస్తే ముప్పై రోజులపాటు చెత్తబుట్టలో ఉంటుంది.

బటన్ల సైజుకి ఆండ్రాయిడ్ డిజైన్ సూచనలు చూశాను. వేలితో నొక్కేది కనీసం 48 డీపీ ఉండాలంటాయి. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలన్నది వెబ్ యాక్సెసిబిలిటీ నియమం. నా పాత బూడిదరంగు ఆ పరీక్షలో ఫెయిల్. బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

డేటా ఫోన్‌లో ఒక కాపీ, ఆన్‌లైన్‌లో ఇంకో కాపీ ఉండేలా పెట్టాను. ఆ మాట చెప్పగానే అమ్మ మిషన్ ఆపేసింది.

“ఆన్‌లైన్‌లో అంటే? ఆడవాళ్ల కొలతలు ఎవరైనా చూస్తారా?”

నేను అసలు ఆలోచించని ప్రశ్న అది. నాకవి అంకెలు. అమ్మకి మాత్రం నమ్మి చెప్పిన మాటలు. వారంపాటు కూర్చుని లాగిన్ పెట్టాను. అమ్మ ఖాతాకి తప్ప ఇంకెవరికీ ఆ ఫొటోలు తెరుచుకోకుండా డేటాబేస్ నియమాలు రాశాను. నా సొంత ఖాతాతో తెరవడానికి ప్రయత్నించి, రాలేదని తన ఎదురుగానే చూపించాను. అప్పుడుగానీ సరేననలేదు. ఫోన్ నంబర్ల గడి మాత్రం తీసేయమంది. “నాకక్కర్లేనిది నా దగ్గరెందుకు?” అంది.

“ఇందులో ఏఐ ఎక్కడ?”

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుకి ఇదే పెట్టాను. రివ్యూలో ఒక సార్ అంతా చూసి, “బాగుందమ్మా, కానీ ఇందులో ఏఐ ఎక్కడుంది?” అని అడిగారు. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను. లేదని చెప్పాను. మార్కులు ఓ మాదిరిగానే వచ్చాయి.

ఏఐ అంటే నాకు పడదని కాదు. కోడ్‌లో ఎర్రర్ వస్తే నేనూ చాట్‌బాట్‌నే అడుగుతాను, గబగబా చెబుతుంది. కానీ నంబర్ గడి పద్నాలుగున్నర తీసుకోవాలని అది నాకు చెప్పాలంటే, పద్నాలుగున్నర అనే కొలత ఉంటుందని ముందు నాకు తెలియాలి కదా. అది మిషన్ పక్కన స్టూలు మీదే తెలిసింది.

మీలో ఎవరైనా ఇప్పుడే వెబ్ నేర్చుకుంటుంటే నావి నాలుగు మాటలు:

• వీడియో చూసి చేసే నాలుగో టు-డూ యాప్ ఆపేయండి. మీ ఇంట్లోనో, వీధిలోనో ఒకరి పనికి పనికొచ్చేది ఒక్కటి చెయ్యండి.

• ఫోన్ వాళ్ల చేతికిచ్చి నోరు మూసుకుని కూర్చోండి. ‘అక్కడ నొక్కు’ అని చెప్పాలనిపించిన ప్రతిచోటా మీ డిజైన్‌లో తప్పుంది. రాసుకోండి.

• తెలుగు పేర్లతో, అరలూ పావులతో, మామూలు ఫోన్‌లో, ఎండలో నిలబడి టెస్ట్ చెయ్యండి.

• ఎవరి డేటా అయినా తీసుకునేముందు రెండో కాపీ ఎక్కడుందో చూసుకోండి. నాలాగా తర్వాత కాదు.

అమ్మ నోట్‌బుక్ మానేసిందా అని చాలామంది అడుగుతారు. మానలేదు. ఇప్పటికీ గుడ్డ ముక్క గుచ్చి అందులోనే రాస్తుంది, రాత్రి పడుకునేముందు ఆ రోజు పేజీలు ఫొటోలు తీస్తుంది. మొదట్లో అది చూసి నా యాప్ ఓడిపోయిందనుకున్నాను. ఇప్పుడలా అనిపించట్లేదు. పుస్తకం తడిసినా ఫొటో ఉంటుంది, ఫోన్ పోయినా పుస్తకం ఉంటుంది.

మొన్న వర్షం గట్టిగా పడిన రాత్రి కరెంటు పోయింది. చీకట్లో అమ్మ లేచి సొరుగులోంచి నోట్‌బుక్ తీసి అటక మీద పెట్టింది. ఫోన్ తెరిచి ఆకుపచ్చ టిక్కు ఉందో లేదో చూసుకుంది.

“అన్నీ ఎక్కాయిలేవే, పడుకో” అంది నాతో.